రాజు బల్లయొద్ద ఎల్లప్పుడు

చదువవలసిన వేదభాగములు: 2 సమూయేలు 9వ అధ్యాయము, యోహాను 9:1–7, మార్కు 7:31–35



మెఫీబోషెతు కథ మీరెరిగినదే. అతడు యోనాతాను కుమారుడు. అయిదేండ్ల పసివాడై యుండగా యుద్ధవార్త వచ్చెను. దాది వానిని చంకనెత్తుకొని తొందరగా పరుగెత్తుచుండగా వాడు క్రిందపడి కుంటివాడాయెను. ఏండ్లు గడచినపిమ్మట దావీదు రాజు తన స్నేహితుని ఇంటివారిలో ఎవరైన మిగిలియున్నారేమో విచారించి, లోదెబారులో మాకీరు ఇంట తలదాచుకొన్న ఆ కుంటివానిని పిలిపించి, తన భోజనపు బల్లయొద్ద కూర్చుండబెట్టెను.

ఈ అధ్యాయము ఎట్లు ముగిసినదో గమనించితిరా? రాజు దయ పొందిన తరువాత వాని కాళ్లు చక్కబడినవని అక్కడ లేదు. వాడు యెరూషలేములో కాపురముండి దినదినము రాజుతో కలిసి భోజనము చేసెనని చెప్పి, ఆ వెంటనే వాని రెండు కాళ్లును కుంటివేయని మరల ఒకసారి జ్ఞాపకము చేసి గ్రంథకర్త కలము దించినాడు. ఆ సంగతి సీబా నోట మూడవ వచనములోనే విన్నాము గదా, మరల చెప్పవలసిన పని ఏమి? పురాణ కథకుడైతే కాళ్లు బాగైనట్లు చెప్పి మంగళహారతి పాడును. వేదము అట్లు చేయలేదు. బల్లయొద్ద చోటు వానికి జీవితాంతము, కుంటితనమును జీవితాంతమే. ఆ రెండును ఒక్క వచనములో ప్రక్కప్రక్కనే ఉన్నవి.

ఈ మాసము ఈ భాగమును ఎత్తుకొనుటకు కారణమున్నది. మన సంఘములలో కొందరు తల్లులు ఆదివారమున గుడికి రాకుండ ఇంటనే నిలిచిపోవుచున్నారు. వారి బిడ్డ ఏడాది నిండినను పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడడు. చందమామను వ్రేలితో చూపడు. మనమొక మాట అడిగిన జవాబు చెప్పక ఆ మాటనే తిరిగి పలుకును. సైకిలు చక్రము త్రిప్పుచు గంటసేపు దానినే చూచుచుండును. చింతపిక్కలను వరుసగా పేర్చి, ఒకటి కదిపినచో ఇల్లంతయు ఎగిరిపోవునట్లు అరచును. పెరుగన్నము తప్ప మరేదియు ముట్టడు. డోలు మ్రోగగానే చెవులు మూసికొని బయటికి పరుగెత్తును. ఇవన్నియు ఒకే బిడ్డలో ఉండనక్కరలేదు. మాటయే రానివాడొకడైతే, కీర్తనల పుస్తకములో నంబరు చెప్పగానే పల్లవి అందుకొనువాడు మరియొకడు. ఈ స్థితికి వైద్యులు పెట్టిన పేరు ఆటిజము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021వ సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము సుమారు 127 మందిలో ఒకరు ఇట్టివారు. అనగా వెయ్యిమంది గల పల్లెలో ఏడెనిమిదిమంది ఉండవచ్చును. మగపిల్లలలో ఎక్కువగా కనిపెట్టుచున్నారు. ఆడపిల్లలైతే సిగ్గరి యని, మెతక యని సరిపెట్టుకొనుటచే అనేకులు లెక్కలోనికే వచ్చుట లేదు.

మన ఊళ్లలో దీనికి వేరే పేర్లున్నవి. గాలి సోకినదందురు, మొద్దు అందురు, పిచ్చి అందురు. విశ్వాసులమైన మనము దయ్యమందుము. దయ్యమనువారు మత్తయి 4:24 చదువుకొనవలెను. ప్రభువునొద్దకు తేబడినవారిని వ్రాయుచు సువార్తికుడు దయ్యము పట్టినవారిని ఒక తెగగాను, మూర్ఛవ్యాధిగలవారిని మరియొక తెగగాను, పక్షవాతము వచ్చినవారిని ఇంకొక తెగగాను విడదీసి లెక్కించినాడు. సువార్తికుడు వేరుచేసిన వాటిని మనమేల ఒకే గంపలో వేయుదుము? పేరు సరిగా పెట్టుట చిన్న పని కాదు. ఏదెనులో ఆదామునకు దేవుడు అప్పగించిన పనులలో అది యొకటి.

పుట్టు గ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులు ప్రభువును ఏమడిగిరి? పాపము చేసినవాడు వీడా, వీని కన్నవారా యని అడిగిరి. వారికి కావలసినది వాని పేరు కాదు, వాని అవసరము కాదు; తప్పు ఎవరిది యనునదియే. ప్రభువు ఆ ప్రశ్నను త్రోసివేసి, ఇద్దరిలో ఎవరి పాపమును కాదని చెప్పి, వెంటనే చేయవలసిన పనికి పూనుకొనెను. ఈ ఆటిజము చరిత్రను చదివినచో, గొప్ప చదువులు చదివిన వైద్యులు సయితము శిష్యులు అడిగిన ఆ ప్రశ్నయొద్దనే చాల కాలము నిలిచిపోయిరని తెలియును.

ఆ మాట గ్రీకు భాషలో ‘తాను’ అని అర్థమిచ్చు పదమునుండి పుట్టినది. స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911లో ప్రకటించిన గ్రంథములో, స్కిజోఫ్రీనియా అను మానసిక వ్యాధి గలవారు తమలోనికి తాము ముడుచుకొని పోవుటను గూర్చి దానిని వాడెను. 1925లో మాస్కోలో సుఖారెవా అను వైద్యురాలు ఇట్టి బాలురను గూర్చి వ్రాసినది గాని, ఆమె మాట చాల కాలము లోకమునకు వినబడలేదు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు పట్టణమున లియో కానర్ అను పిల్లల మానసిక వైద్యుడు, తాను పరీక్షించిన పదునొకండుగురు బిడ్డలను గూర్చి వివరముగా వ్రాసెను. వారిలో ఎనమండుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఇది పుట్టుకతో వచ్చినదని కానర్ ఆనాడే వ్రాసెను. అయినను ఆ తలిదండ్రులలో మనసున ఆప్యాయత గలవారు తక్కువ యను మాటయు అదే వ్యాసములో జారవిడిచెను. ఆ ఒక్క మాటను పట్టుకొని తరువాతివారు పెద్ద మేడ కట్టిరి. తల్లి ప్రేమ చల్లబడుటచే బిడ్డ ఇట్లైనాడని చెప్పసాగిరి. మంచుపెట్టెవంటి తల్లి యని ఆ స్త్రీలకు పేరు కూడ పెట్టిరి. 1967లో షికాగోలోని బ్రూనో బెటెల్‌హైమ్ ఒక గ్రంథము వ్రాసి ఆ నిందను దేశదేశములకు పంపెను. రేయింబగళ్లు కన్ను మూయక బిడ్డను కాచుకొన్న తల్లి, డాక్టరు గదిలోనికి పోయి, నేరస్థురాలివలె బయటికి వచ్చినది!

దీనిని ఎదిరించినవారిలో బెర్నార్డ్ రిమ్‌లాండ్ ముఖ్యుడు. అతడు అమెరికా నౌకాదళములో పనిచేయు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. తన కుమారుడే ఇట్టివాడు. తల్లి తప్పు కాదు, శరీరమునందలి కారణమేయని 1964లోనే గ్రంథము వ్రాసి వాదించెను. 1969లో తలిదండ్రుల సభలో ముసలివాడైన కానర్ లేచి, వారిని నిర్దోషులని అందరియెదుట ప్రకటించెను. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనువారు కవలపిల్లలను పరీక్షించి, ఇందులో వంశపారంపర్యపు పాలు బలముగా ఉన్నదని చూపిరి. కడుపులో ఉండగానే మెదడు ఎదుగు తీరులోని భేదమిది. పెంపకపు లోపము కాదు. తట్టుకు వేయు టీకా వలన వచ్చుననునది కూడ వట్టిమాటయే. 1998లో లండనులో అట్లు వ్రాసిన వ్యాసమును, అచ్చువేసిన వైద్య పత్రికయే 2010లో రద్దుచేసికొన్నది. టీకా మానిపించినందున ఆటిజము తప్పలేదు. తట్టు మాత్రము మరల వచ్చినది.

తల్లులారా, ఈ పేరాను మీ అత్తగారికి చదివి వినిపించుడి. గర్భిణిగా ఉండి గ్రహణము చూచుటచేతనో, మొదటి బిడ్డకు మ్రొక్కుబడి తీర్చకపోవుటచేతనో, కుటుంబ ప్రార్థన మానుటచేతనో ఇది కలుగలేదు.

ఇక వర్గీకరణ సంగతి. అమెరికా మానసిక వైద్యుల సంఘము వ్యాధుల పేర్లతో ఒక పెద్ద గ్రంథము ప్రకటించుచుండును. 1968నాటి రెండవ కూర్పులో ఆటిజమునకు వేరు గది లేదు. బాల్యమున వచ్చు స్కిజోఫ్రీనియా క్రిందనే ఉంచిరి. 1980లో వేరు పేరు పెట్టిరి. 1994లో ఒక ఇంటిలో అయిదు గదులు కట్టిరి. వానిలో ఒకదానికి వియన్నా వైద్యుడు హాన్స్ ఆస్పెర్గర్ పేరుండెను. చక్కగా మాటలాడుచు తెలివిగలవారై యుండియు జనులతో మెలగుట తెలియనివారిని ఆ గదిలో వేయుచు వచ్చిరి. (ఈ ఆస్పెర్గర్, హిట్లరు దొరతనమున, వైకల్యముగల బిడ్డలను చంపుచుండిన ఒక ఆసుపత్రికి కొందరిని పంపించెనని 2018లో ప్రచురించిన పరిశోధన బయటపెట్టినది. తెలివిగలవానిని మెచ్చుకొని, బలహీనుని విడిచిపెట్టు వర్గీకరణ ఎచ్చటికి పోవునో ఇచ్చట చూడుడి.) 2013లో గోడలు తీసివేసి ఒకే పేరు నిలిపిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కొత్త పట్టిక కూడ ఇట్లే ఒకే పేరుతో 2022 నుండి అమలులోనికి వచ్చినది.

ఇప్పుడు వైద్యులు చూచునవి ప్రధానముగా రెండు. ఇతరులతో మాట, చూపు, సైగ కలుపుటలో ఇబ్బంది ఒకటి. చేసినదే చేయుట, మార్పును ఓర్వలేకపోవుట, శబ్దము, వెలుతురు, స్పర్శ మితిమీరి తగులుట లేక తగులకపోవుట రెండవది. ఇవి చిన్ననాటనే మొదలై యుండవలెను. తరువాత మూడు మెట్లు ఏర్పరచిరి. ఆ మెట్లకు ఏమని పేరు పెట్టిరో వినుడి: సహాయము కావలసినవారు, ఎక్కువ సహాయము కావలసినవారు, మిక్కిలి ఎక్కువ సహాయము కావలసినవారు. నాకు ఇందులో ఆశ్చర్యము గొలిపినది ఇదియే. తప్పు ఎవరిదని అడుగుచు బయలుదేరినవారు డెబ్బది యేండ్లు తిరిగి తిరిగి, ఇతనికి ఎంత సహాయము కావలెనను ప్రశ్నయొద్దకు వచ్చి చేరిరి. ప్రభువు సిలోయము త్రోవలో మొదటనే అక్కడ నిలిచియుండెను.

మన దేశములో దీనికొక కొలత కలదు. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లోనున్న జాతీయ సంస్థవారు, మన పిల్లలకు తగినట్లుగా నలుబది అంశములతో దానిని తయారుచేసిరి. ఒక్కొక్కదానికి ఒకటి మొదలు అయిదు వరకు గుణములు వేయుదురు. మొత్తము 70 మొదలు 106 వరకైన స్వల్పము, 107 మొదలు 153 వరకు మధ్యమము, ఆపైన తీవ్రము. 2016లో ప్రభుత్వము సర్టిఫికెట్ల నిమిత్తము ఆ కొలతను ప్రకటించెను. అదే సంవత్సరము చేసిన వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొనగా, వానిలో ఆటిజము ఒకటి. కాబట్టి మనవారు సదరం సర్టిఫికెట్టు అని పిలుచు కాగితము ఈ బిడ్డకును చెందును. సర్టిఫికెట్టు తీసికొన్నచో బిడ్డకు ముద్ర పడునని భయపడువారున్నారు. ముద్ర వీధివారు ఎప్పుడో వేసినారు. ఈ కాగితము ఆ బిడ్డకు బడిలోను కచేరీలోను అడుగు హక్కునిచ్చును.

ఇప్పుడు కష్టమైన మాట. ఆటిజమును పోగొట్టు మందు లేదు. అది జ్వరమువలె వచ్చి పోవునది కాదు; బిడ్డగా ఉన్నవాడు పెద్దవాడై, ముసలివాడైనను అది వానితో ఉండును. పోగొట్టెదమని డబ్బు అడుగువాడు మందు అమ్మినను నూనె అమ్మినను మోసగాడే. జీవితాంతముండుననగా మారనిది యని అర్థము కాదు. మాట ఆలస్యముగా రావచ్చును. రాకున్నను బొమ్మలు చూపి, సైగలు చేసి తనకు కావలసినది చెప్పుట నేర్చుకొనవచ్చును. చిన్ననాటనే నేర్పుట ఆరంభించినచో మేలు. అయినను నేర్చుకొన్నవాడు వేరొకడైపోడు.

కానర్ వ్రాసిన పదునొకండుగురిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఇతడు మిసిసిపి రాష్ట్రములోని ఫారెస్ట్ అను చిన్న ఊరివాడు; 1933లో జన్మించెను. నాలుగేండ్లు నిండకమునుపే వైద్యుల మాట విని తలిదండ్రులు వానిని దూరముగా ఒక సంస్థలో ఉంచి, ఏడాది తరువాత మనసొప్పక మరల ఇంటికి తెచ్చుకొనిరి. తండ్రి తన కుమారుని గూర్చి ముప్పదిమూడు పుటల ఉత్తరము కానర్‌కు వ్రాసెను. తొమ్మిదేండ్ల ప్రాయమున బాలుని ఊరికి పది మైళ్ల దూరములో ఒక కౌలురైతు దంపతులయొద్ద ఉంచిరి. ఆ దంపతులు చేసిన పని, మన సేద్యగాండ్రు బాగుగా ఎరుగవలసినది. వానికి కొలతల పిచ్చి ఉండగా, బావి త్రవ్వి దాని లోతెంతో కొలిచి చెప్పుమనిరి. చచ్చిన పిట్టలను పురుగులను ఏరుచుండగా, అవి పూడ్చిపెట్టుకొనుటకు చోటు చూపిరి. మొక్కజొన్న సాళ్లను మాటిమాటికి లెక్కించుచుండగా, దున్నుచు లెక్కించుమనిరి! 1945లో కానర్ పోయి చూచినప్పుడు ఆ బాలుడు గుఱ్ఱమును మలుపుచు ఆరు పొడవైన సాళ్లు చక్కగా దున్నెను. వైద్యశాస్త్రము ఇంకను తల్లిని నిందింప సిద్ధపడుచుండిన కాలమున, కౌలురైతులు ఆ బిడ్డకు ఎట్టి సహాయము కావలెనో కనుగొనిరి.

ఆ బాలుడు పెద్దవాడై, మెథడిస్టులు స్థాపించిన మిల్‌సాప్స్ కళాశాలలో 1958లో పట్టా పుచ్చుకొని, స్వంత ఊరి బ్యాంకులో పనిచేసెను. కారు నడపెను, గోల్ఫు ఆడెను, ఒంటరిగా దేశములు చూచి వచ్చెను. అతని తల్లి పుట్టింటివారికి ఆ బ్యాంకులో భాగమున్నమాట నిజమే. అట్టి కలిమి మనకు లేదు. ఆ ఊరివారు అతనిని అతనివలెనే ఉండనిచ్చిన సంగతి మాత్రము కలిమితో వచ్చినది కాదు. 2023లో ఎనుబదితొమ్మిదవ యేట మరణించువరకు అతనికి ఆటిజము ఉండెను.

పాస్టరుగార్లకును ఉపదేశులకును ఒక మనవి. స్వస్థత కొరకు ప్రార్థింపవద్దని నేను చెప్పుట లేదు. కూటము తరువాత కూటమునకు బిడ్డను ఈడ్చుకొని తిరిగి, ఉన్న అరయెకరము తాకట్టుపెట్టిన తల్లితో, నీ విశ్వాసము చాలలేదని చెప్పవద్దని మాత్రము చెప్పుచున్నాను. పౌలు తన ముల్లును గూర్చి మూడు మారులు వేడుకొనెను. ముల్లు పోలేదు (2 కొరింథీ 12). పౌలు విశ్వాసము చాలలేదని అనుటకు మనలో ఎవరికి నోరు వచ్చును? బిడ్డను త్రాటితో గుంజకు కట్టుట, దయ్యము పోవునని కొట్టుట సంఘములో ఎచ్చట జరిగినను పెద్దలు ఆపవలెను.

మార్కు 7లో చెవుడు, నత్తి గలవానిని ప్రభువు ఎట్లు చూచెనో గమనింపుడి. ఆ మనిషి వ్యాధి వేరే. ప్రభువు నడచిన తీరు మనకు పాఠము. జనసమూహములో నుండి వానిని ప్రక్కకు తోడుకొని పోయెను. మాటలతో గాక, వాడు ఎరుగగల సైగలతో, స్పర్శతో మొదలుపెట్టెను. మన గుడిలో మైకు మొన ఆ బిడ్డ చెవి దగ్గర పెట్టి, వాడు అరచినచో ఆరాధన చెడిపోయెనని గొణుగుదుము. స్పీకరును కొంచెము దూరము జరుపుట కష్టమా? తలుపు దగ్గర వానికి ప్రతి వారము ఒకే చోటు ఉంచుడి. లేచి బయట తిరిగి వచ్చినను ఎవరును వెనుదిరిగి చూడకుడి. ఆదివారపు బడి ఉపాధ్యాయిని ఆనాడు జరుగబోవునది నాలుగు బొమ్మలలో గీసి ముందుగా చూపినచో, ఆ బిడ్డకు సగము భయము తీరును. కన్నులలోనికి చూడుమని బలవంతపెట్టకుడి. వాడు చూడకయే వినుచుండును. వాని తల్లి ఒక ఆదివారమైన ప్రసంగము మొత్తము వినునట్లు, మరియొక సహోదరి ఆ గంటసేపు వానితో బయట నడచునా?

ఈ తలిదండ్రులు బయటికి చెప్పుకొనని భయమొకటి ఉన్నది: మా తరువాత ఎవరు? దావీదు ఈ సంగతిని మరచిపోలేదు. భోజనము పెట్టి చేతులు దులుపుకొనలేదు. సౌలు పొలములన్నియు మెఫీబోషెతునకు మరల ఇచ్చి, పదునైదుగురు కుమారులును ఇరువదిమంది దాసులును గల సీబాను పిలిచి, వాని పక్షముగా దున్ని పంట ఇంటికి చేర్చుమని ఆజ్ఞాపించెను. దయతోపాటు పొలము, పాలేరు, పంట లెక్క కూడ ఏర్పరచెను. మన దేశములో 1999లో చేసిన నేషనల్ ట్రస్టు చట్టము ఇట్టి ఏర్పాటే. పదునెనిమిది యేండ్లు నిండిన ఆటిజముగల వ్యక్తికి సంరక్షకుడు కావలసియున్నచో, ఆ జిల్లాలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. తల్లిగాని తండ్రిగాని బంధువుగాని పెట్టవచ్చును. ఆ కమిటీలో కలెక్టరు హోదాకు తక్కువకాని అధికారి ఉండును.

సీబా తరువాత ఏమి చేసెనో కూడ చదువుడి. పదునారవ అధ్యాయములో, రాజు ఆపదలో నుండగా, యజమానునిమీద చాడి చెప్పి పొలమంతయు తనదిగా చేయించుకొనెను. కుంటివాడు గాడిదనెక్కి రాలేక ఇంటనే చిక్కుకొనియుండెను. పందొమ్మిదవ అధ్యాయములో రాజు తిరిగివచ్చినప్పుడు పొలములో సగమే తిరిగి దక్కినది. అన్నలు, మేనమామలు, పినతండ్రులు అందరు సీబాలని కాదు. అయినను మాట రాని తమ్ముని వాటా పొలము ఎటు పోయినదో చెప్పగల ఊళ్లు మనకు లేకపోలేదు. అందుచేతనే సంరక్షకుడు నియమింపబడిన ఆరు నెలలలోగా ఆస్తి జాబితా ఒప్పగింపవలెననియు, ఏటేట జమాఖర్చు చూపవలెననియు ఆ చట్టము విధించినది. సరిగా చూడనివానిని తొలగించుమని అడుగుటకును వీలున్నది. తలిదండ్రులు బ్రదికి, కాళ్లాడుచుండగానే ఈ కాగితములు సిద్ధపరచుకొనుట మేలు. చదువురాని వారికి దరఖాస్తు వ్రాసిపెట్టి, జిల్లా కచేరీ వరకు తోడుపోవుటకు మన సంఘములలో ఉపాధ్యాయులున్నారు, పింఛను పుచ్చుకొన్న గుమాస్తాలున్నారు. వచ్చే కమిటీ కూటములో ఒకరి పేరు ఆ పనికి నియమించి మినిట్సు పుస్తకములో వ్రాసికొనుడి.